తార్తులో ఒక ఏడాది: ఉత్తర ఐరోపా చిన్న నగరం నుంచి రిమోట్ ఉద్యోగం చేయాలంటే

ఎస్టోనియాలో రెండో పెద్ద నగరం తార్తు. పెద్ద అన్నానని భ్రమపడకండి. జనాభా లక్షకు కాస్త తక్కువ, అంటే మన జిల్లా కేంద్రాల్లో చాలావాటికన్నా చిన్నది. మ్యాపుల్లో టార్టు అని రాస్తారు గానీ అక్కడివాళ్లు అచ్చం మన ‘త’లాగే పలుకుతారు, కాబట్టి నేను తార్తు అనే రాస్తాను. 1632లో స్వీడన్ రాజు రెండో గుస్తావ్ అడాల్ఫ్ స్థాపించిన విశ్వవిద్యాలయం, ఊరి మధ్య నుంచి నెమ్మదిగా పారే ఎమయొగి నది, చెక్క ఇళ్ల వీధులు. 2024లో ఐరోపా సాంస్కృతిక రాజధానుల్లో ఇదీ ఒకటి.

ఎస్టోనియా అనగానే అందరూ ఇంటర్నెట్ గురించీ డిజిటల్ ప్రభుత్వం గురించీ చెబుతారు. అదంతా నిజమే, నాకు వాటితో పేచీ రాలేదు. పేచీ వచ్చింది ఎండతో, గది వేడితో, రోజంతా పలకరించే మనిషి లేకపోవడంతో. ఆఫీసు అనేది ఇవన్నీ మనకు తెలియకుండానే అమర్చిపెడుతుంది. వేళకు బయటికి లాగుతుంది, వెచ్చగా కూర్చోబెడుతుంది, ఎవరో ఒకరి చేత మాట్లాడిస్తుంది. ఇంటి నుంచి పనిచేసేవాడు అరవై డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఆ పనులన్నీ తనే చేసుకోవాలి. అందుకే ఈ మార్గదర్శిలో కాగితాల కన్నా వాటికే ఎక్కువ చోటు ఇచ్చాను. అయినా కాగితాలు లేనిదే విమానం ఎక్కలేం గనక వాటితోనే మొదలుపెడతాను.

మొదటి మెట్టు: జీతం లెక్క, వీసా

ఎస్టోనియా 2020 ఆగస్టులో డిజిటల్ నోమాడ్ వీసా మొదలుపెట్టింది. విదేశీ కంపెనీలో ఉద్యోగం చేసేవాళ్లు, విదేశంలో నమోదైన సొంత కంపెనీ ఉన్నవాళ్లు, ఎక్కువగా విదేశీ క్లయింట్లకే పనిచేసే ఫ్రీలాన్సర్లు దీనికి అర్హులు. అసలు గేటు ఆదాయం. మొదట్లో నెలకు 3,504 యూరోలు అడిగేవారు, తర్వాత దాన్ని 4,500కు పెంచారు. అది పన్ను కోతకు ముందు మొత్తం, అంతకుముందు ఆరు నెలల రాబడిని చూపించాలి. రూపాయల్లో నెలకు నాలుగు లక్షలు దాటుతుంది.

చాలామందికి దారి ఇక్కడే మూసుకుపోతుంది. హైదరాబాద్ కంపెనీలో మామూలు జీతంతో ఈ గేటు దాటడం కష్టం. బంధువుల దగ్గర డబ్బు తెచ్చి ఖాతాలో చూపిస్తే సరిపోతుందనే సలహాలు వింటుంటాం. సరిపోదు. వాళ్లు చూసేది ఖాతాలో ఉన్న నిల్వను కాదు, నెలనెలా వచ్చిన రాబడిని. అమెరికా, బ్రిటన్ కంపెనీలకు నేరుగా పనిచేసేవాళ్లకు, సీనియర్ ఉద్యోగులకు మాత్రం ఇది అందేదే. భర్తో భార్యో అక్కడి విశ్వవిద్యాలయంలో చదువుకో పరిశోధనకో వెళుతుంటే మాత్రం కుటుంబ సభ్యుల నివాస అనుమతి దారి వేరే ఉంది. అలాంటివాళ్లు నోమాడ్ వీసా వెంట పడకుండా ముందు దాన్ని చూసుకోవాలి.

ఇ-రెసిడెన్సీతో దీన్ని కలిపేయకండి. 2014 డిసెంబరులో వచ్చిన ఆ పథకం ఎక్కడ కూర్చునైనా ఎస్టోనియాలో కంపెనీ పెట్టుకోవడానికి, డిజిటల్ సంతకం చేయడానికి ఇచ్చే కార్డు. దాంతో దేశంలో అడుగుపెట్టే హక్కు రాదు.

ఏడాది ఉండాలంటే కావలసింది డి-రకం వీసా, గరిష్ఠంగా 365 రోజులు. భారతీయులకు న్యూఢిల్లీలో రాయబార కార్యాలయం ఉంది. ఉద్యోగ ఒప్పందం, ఆరు నెలల బ్యాంకు లావాదేవీలు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా, ఏం పనిచేస్తారో వివరించే లేఖ జతచేయాలి. నేను తప్పు చేసింది కంపెనీ లేఖ దగ్గర. నా మొదటి లేఖలో ‘ఇంటి నుంచి పనిచేయవచ్చు’ అని మాత్రమే ఉంది. ఏ ఇల్లు, ఏ దేశం? ఎస్టోనియా నుంచి పనిచేయడానికి అనుమతి ఉందని స్పష్టంగా రాసిన లేఖ మళ్లీ తెప్పించుకునేసరికి రెండు వారాలు గడిచిపోయాయి. ఆ ఒక్క వాక్యం మొదటే అడిగి రాయించుకోండి.

ఈ వీసా పాస్‌పోర్టులో అంటించే కాగితం మాత్రమే. దీంతో అక్కడి గుర్తింపు కార్డు రాదు కాబట్టి ఆ కార్డు మీద నడిచే ఆన్‌లైన్ సేవల్లో చాలావాటికి మీరు బయటివారే. స్థానిక బ్యాంకు ఖాతా కూడా తేలిగ్గా తెరవనివ్వరు. వైజ్ లాంటి ఆన్‌లైన్ విదేశీ కరెన్సీ ఖాతా ఒకటి ముందే సిద్ధం చేసుకుంటే అద్దె, బిల్లులు అన్నీ దాని నుంచే గడిచిపోతాయి.

రెండో మెట్టు: పన్ను

ఇది చిన్న విషయమే కానీ విడిచిపెడితే పెద్దదవుతుంది. ఏ వరుస 12 నెలల్లోనైనా 183 రోజులు ఎస్టోనియాలో ఉంటే అక్కడి పన్ను నివాసి అవుతారు. ఇది క్యాలెండరు సంవత్సరం లెక్క కాదు, గమనించండి. 2025 నుంచి వ్యక్తిగత ఆదాయపు పన్ను 22 శాతం, రిటర్ను గడువు ఏప్రిల్ 30. భారత్, ఎస్టోనియాల మధ్య రెండుసార్లు పన్ను పడకుండా ఒప్పందం ఉంది కానీ అది దానంతటదే మీ తరఫున పనిచేయదు, కాగితాలు మీరే చూపాలి. కొన్ని కంపెనీలు ఈ గొడవంతా వద్దని 180 రోజులకే అనుమతి ఇస్తాయి. సరిహద్దు తనిఖీలు లేని ఐరోపా కూటమి అయిన షెంగెన్ దేశాల మధ్య తిరిగితే పాస్‌పోర్టులో ముద్రలు పడవు కాబట్టి బస్సు, ఓడ, విమాన టికెట్లు దాచుకోండి. పెద్ద మొత్తాలైతే ఒక పన్ను సలహాదారుకు డబ్బిచ్చి అడగడమే చౌక.

మూడో మెట్టు: గడియారాన్ని ఎండతో కలిపి చూడండి

చాలామంది పనివేళలను జట్టుతోనే సరిపోల్చుకుంటారు. తార్తులో ముందు సూర్యుడితో సరిపోల్చుకోవాలి.

డిసెంబరు మూడో వారంలో అక్కడ తొమ్మిదింటికి తెల్లవారుతుంది, మూడున్నర కాకముందే పొద్దు గుంకుతుంది. పగలు ఆరు గంటలకు కాస్త ఎక్కువ, అందులోనూ చాలా రోజులు మబ్బే. హైదరాబాద్‌లో ఏడాది మొత్తంలో అతి చిన్న పగలు కూడా 11 గంటలు ఉంటుందని గుర్తుచేసుకుంటే తేడా అర్థమవుతుంది. జూన్‌లో దీనికి పూర్తిగా తలకిందులు. నాలుగు దాటగానే ఎండ, రాత్రి పదిన్నర దగ్గర సూర్యాస్తమయం, ఆ తర్వాత కూడా ఆకాశం పూర్తిగా నల్లబడదు.

ఇప్పుడు మీ కంపెనీ వేళలను దీని మీద పెట్టి చూడండి. భారత్‌కన్నా తార్తు చలికాలంలో మూడున్నర గంటలు, వేసవిలో రెండున్నర గంటలు వెనక. మార్చి చివరి ఆదివారం గడియారం ముందుకు, అక్టోబరు చివరి ఆదివారం వెనక్కి తిప్పుతారు. తొమ్మిదిన్నర నుంచి ఆరున్నర దాకా నడిచే భారతీయ ఆఫీసు వేళ చలికాలంలో ఇక్కడ ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 3 దాకా అవుతుంది. వినడానికి హాయిగా ఉంటుంది, మూడింటికే పని అయిపోయింది కదా అనిపిస్తుంది. కానీ సూర్యుడు రాకముందు కూర్చుని, సూర్యుడు పోతుండగా లేస్తారు. నేను చూసిన అన్ని వేళల్లోకీ చలికాలానికి ఇదే చెడ్డది. ఈ వేళే తప్పదంటే పదకొండున్నర నుంచి ఒక గంటను క్యాలెండరులో మీటింగులాగా మూసిపెట్టి బయటికి నడవండి. ‘నడక’ అని రాస్తే ఎవరో ఒకరు ఆ గంటలోకి మీటింగు తోస్తారు. ‘బిజీ’ అని రాయండి.

న్యూయార్క్ వేళలకు పనిచేస్తే తేడా ఏడు గంటలు. వాళ్ల తొమ్మిది మనకు సాయంత్రం నాలుగు, అర్ధరాత్రి దాకా పని. వెలుతురు మొత్తం మీదే, నిజం. పోయేది సాయంత్రం. భాషా తరగతులు, బృందగానం సాధనలు, ఆటలు, స్నేహితుల ఇంటి భోజనాలు అన్నీ ఆరు తర్వాతే. ఆ వేళలకు పనిచేసే ఒక మిత్రుడు ఆరు నెలలున్నా తన మెట్ల పక్క ఇంటివారు తప్ప ఎవరూ తెలియకుండానే వెళ్లిపోయాడు. ఇంకో మెలిక ఏమిటంటే అమెరికా గడియారం మార్చిలో ముందుగా, నవంబరులో ఆలస్యంగా మారుతుంది. ఏడాదిలో ఆ కొన్ని వారాలు తేడా ఆరు గంటలే. ఒక మీటింగు తప్పిపోయేది సరిగ్గా ఆ వారాల్లోనే.

నాది లండన్ వేళ. ఎప్పుడూ రెండు గంటల తేడా, ఎందుకంటే రెండు చోట్లా ఒకే రోజు గడియారం తిప్పుతారు. పని పదకొండు నుంచి ఏడున్నర. చలికాలం ఉదయం తొమ్మిది నుంచి పదకొండు దాకా ఉన్న వెలుతురు నాది. ఆ రెండు గంటల్లో సరుకులు, నడక, నది ఒడ్డు. తెరిచిన పుస్తకం ముందేసుకుని కూర్చోవడానికి ఆ రెండు గంటలు వాడుకోవద్దని నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను.

నాలుగో మెట్టు: ఎప్పుడు రావాలి, ఎక్కడ ఉండాలి

హైదరాబాద్ నుంచి ఎక్కడో ఒకచోట విమానం మారి తాలిన్‌లో దిగుతారు. ఆ విమానాశ్రయం దగ్గరే తార్తు బస్సు ఆగుతుంది, సుమారు రెండున్నర గంటల ప్రయాణం. రైలు ఎక్కాలంటే ఊళ్లోకి వెళ్లాలి.

ఆగస్టులో మాత్రం రావద్దు. ఇది విద్యార్థుల ఊరు, సెప్టెంబరు 1న చదువులు మొదలవుతాయి, ఆగస్టులో ఇళ్లు కళ్లముందే మాయమవుతాయి. విద్యార్థులు ఖాళీ చేసే మే, జూన్ నెలలు మేలు. పైగా వెలుతురులో వచ్చి ఊరు అలవాటైన తర్వాత చీకటిని ఎదుర్కోవడం వేరు, నవంబరు వానలో దిగి అదే ఊరి స్వభావం అనుకోవడం వేరు.

మొదటి రెండు వారాలకు ఏదైనా తాత్కాలిక గది తీసుకుని, ఇల్లు కళ్లతో చూశాకే డబ్బు కట్టండి. ప్రకటనలు కేవీ, సిటీ24 సైట్లలో ఉంటాయి. అందులో గదుల లెక్క మన లెక్క కాదు. హాలును కూడా గదిగానే లెక్కిస్తారు కాబట్టి ‘రెండు గదుల’ ఇల్లంటే ఒక పడకగది, ఒక హాలు. అద్దె పక్కనే ‘కొమ్మునాల్’ అని ఇంకో ఖర్చు ఉంటుంది: నీళ్లు, హీటింగ్, చెత్త, భవనం నిర్వహణ. జూలై బిల్లు చూపించి ‘ఇంతే’ అంటే నమ్మవద్దు. జనవరి బిల్లు అడగండి, రెండు మూడింతలు ఉండవచ్చు. అడ్వాన్సు చట్ట ప్రకారం మూడు నెలల అద్దె దాటకూడదు, దాన్ని కూడా మూడు సమాన వాయిదాల్లో కట్టే హక్కు ఉంది.

ఒప్పందం రెండు రకాలు. గడువు రాసినది, గడువు లేనిది. గడువు లేనిదైతే మూడు నెలల ముందు చెప్పి ఖాళీ చేయవచ్చు. గడువు రాసిన ఒప్పందాన్ని మామూలుగా మధ్యలో తెంచుకోలేరు. వీసా పది నెలలకే ముగుస్తూ ఒప్పందం ఏడాదికి ఉంటే మిగతా రెండు నెలల అద్దె మీ మెడకే. రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూసుకుని సంతకం చేయండి.

ఇక పేటలు. అన్నెలిన్న్ సోవియట్ కాలంలో లేచిన కాంక్రీటు అపార్టుమెంట్ల పేట. చూడ్డానికి ఏమీ బాగుండదు. కానీ అద్దె తక్కువ, ఊరంతటికీ వేడినీటి గొట్టాల ద్వారా వచ్చే హీటింగ్ ఉంటుంది, బస్సులు ఎక్కువ. సుపిలిన్న్ అంటే సూపు ఊరు. అక్కడి వీధుల పేర్లు బఠాణీ, చిక్కుడు, బంగాళాదుంప. పేరు చూసి మనసు పారేసుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను, ఇల్లు మాత్రం దొరకలేదు. దొరికింది కర్లోవాలో, వందేళ్లు దాటిన చెక్క ఇల్లు. అక్కడ కట్టెల పొయ్యే హీటింగ్.

దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్రకటనలో ‘అహి’ అని ఒక్క మాట రాసి వదిలేస్తారు. అహి అంటే వంట పొయ్యి కాదు. గది మూలన నేల నుంచి పైకప్పు దాకా కట్టిన ఇటుకల దిమ్మె, పైన మెరిసే పెంకులు. లోపల పొగ మెలికలు తిరిగి పైకి పోతుంది, ఆ దారిలో వేడంతా ఇటుకలకు అప్పగించిపోతుంది. గంటన్నర మంట పెడితే తెల్లారేదాకా దిమ్మె వెచ్చగా ఉంటుంది. మొదట పొగగొట్టం మూత తెరవాలి, దాన్ని ‘సీబెర్’ అంటారు. బిర్చ్ చెట్టు బెరడు ముక్క అగ్గిపుల్ల తాకగానే అంటుకుంటుంది. దాని మీద సన్న పుల్లలు, అవి రాజుకున్నాక కట్టెలు. మంట పోయి నిప్పులు మిగిలాక వాటిని కలియబెట్టి, పూర్తిగా నల్లబడే దాకా ఆగి అప్పుడే మూత మూయాలి. వేడి బయటికి పోతోందని తొందరపడి ముందే మూస్తే కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. ఇంటి యజమానురాలు మొదటి సాయంత్రం నా పక్కన పీట వేసుకుని కూర్చుంది. నిప్పుల మీద చిటికెన వేలంత నీలి మంట ఆడుతోంది. దాన్ని చూపించి తల అడ్డంగా ఊపింది. అది ఆరాక ఇంకో పావుగంట ఆగి, అప్పుడు మూత నా చేతే వేయించింది. పొగ అలారం ప్రతి ఇంట్లో ఉండాలనేది చట్టం. పొయ్యి ఉన్న ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా ఉందో లేదో, బొత్తాం నొక్కితే మోగుతోందో లేదో మొదటి రోజే చూడండి.

నా అభిప్రాయం అడిగితే, మొదటి చలికాలానికి అన్నెలిన్న్ మంచిది. మీటింగు మధ్యలో కట్టెలు తెచ్చుకోవడం అందంగా ఉండేది మొదటి వారమే.

ఐదో మెట్టు: పని చోటు

అపార్టుమెంట్లలో ఫైబర్ మామూలే. పాత చెక్క ఇళ్లలో ఉండకపోవచ్చు, ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడే ఫోనులో వేగం కొలవండి. తేలియా, ఎలిసా, తెలె2 కంపెనీల్లో దేని సిమ్ అయినా సరిపోతుంది. బల్లను కిటికీకి ఎదురుగా వేసుకోండి, వీపు వెనక కిటికీ ఉంటే చలికాలంలో వీడియోలో మీరొక నల్లటి నీడ.

వారానికి రెండు రోజులైనా ఇంటి బయట పనిచేయాలని నా సలహా. విశ్వవిద్యాలయ గ్రంథాలయం, నది పక్కన బల్ల అద్దెకిచ్చే ఉమ్మడి ఆఫీసు స్పార్క్ హబ్, పాత కర్మాగారాన్ని కేఫేలుగా స్టూడియోలుగా మార్చిన అపరాదితెహస్ నేను ఎక్కువగా తిరిగిన చోట్లు. గ్రంథాలయంలో ఫోను మాట్లాడకూడదు కాబట్టి మీటింగులు లేని రోజు అక్కడికి, ఉన్న రోజు మిగతా చోట్లకు. వెళ్లడానికి 2019లో మొదలైన ఊరి అద్దె సైకిళ్లు ఉన్నాయి, వాటిలో చాలావాటికి బ్యాటరీ సాయం కూడా ఉంటుంది.

కరెంటు బిల్లు మీ పేరిట ఉంటే ఒప్పందం ఏ రకమో చూసుకోండి. మార్కెట్ ధరను బట్టి నడిచే ఒప్పందంలో రేటు రోజంతా మారుతూనే ఉంటుంది. సాయంత్రం ఆరింటికి బట్టలు ఉతికితే ఒక ధర, రాత్రి ఒంటిగంటకు ఉతికితే ఇంకో ధర.

ఆరో మెట్టు: చలి, చీకటి, మంచు

చలికి భయపడి హైదరాబాద్‌లోనే లావుపాటి జాకెట్లు కొని పెట్టె నింపుకోకండి. అక్కడి చలికి అక్కడి బట్టలే సరైనవి. వాడిన బట్టల దుకాణాల్లో మంచి ఉన్ని కోట్లు చవగ్గా దొరుకుతాయి. లోపల ఉన్ని పొర, మధ్యలో స్వెట్టరు, పైన గాలి చొరనిది. ఇల్లూ దుకాణమూ వెచ్చగా ఉంటాయి గనక తీసి వేసుకోవడానికి వీలుగా ఉండాలి.

ఖర్చు పెట్టవలసింది బూట్ల మీద. సున్నా చుట్టూ ఊగిసలాడే రోజులే ప్రమాదం: పగలు కరుగుతుంది, రాత్రి గడ్డకడుతుంది, తెల్లారేసరికి కాలిబాట అద్దం. చిన్న గులకరాళ్లు చల్లుతారు కానీ ప్రతి మూలా చల్లరు. బూటు కింద తొడుక్కునే ముళ్ల పట్టీలు దొరుకుతాయి. ముసలివాళ్లకే అనుకుని నేను కొనలేదు, జనవరిలో ఒకసారి నది వంతెన దిగుతూ పడి మోచెయ్యి వాచాక కొన్నాను. గోడ వారగా నడవవద్దు, పైకప్పుల నుంచి మంచు కడ్డీలు రాలతాయి. వీధిలో ఒక భాగాన్ని తాడుతో కట్టేస్తే దాని అర్థం అదే.

చీకట్లో నడిచేవాళ్లు కోటుకు కాంతి మెరిసే బిళ్ల తగిలించుకోవాలనేది ఎస్టోనియా చట్టం. పేరు హెల్కుర్. సూపర్ మార్కెట్‌లో బిళ్లలు, కప్పలు, చేపల ఆకారాల్లో వేలాడుతుంటాయి. కుడివైపు, మోకాలి ఎత్తున వేలాడేలా కడితే కారు దీపాలకు బాగా కనిపిస్తుంది.

అన్నిటికన్నా చలిగా అనిపించేది జనవరి కాదు, సెప్టెంబరు చివర. బయట ఏడెనిమిది డిగ్రీలు, భవనానికి ఇంకా హీటింగ్ వదలరు. రేడియేటరు ముట్టుకుంటే చల్లగా ఉంటుంది. దుప్పటి కప్పుకుని కీబోర్డు కొట్టే వారం అదే.

చీకటికి మందు ఒకటే కాదు. విటమిన్ డి మాత్రలు అక్కడివాళ్లూ వేసుకుంటారు, మోతాదు డాక్టరును అడగండి. 10,000 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) దీపం ఒకటి బల్ల మీద పెట్టుకుని ఉదయం అరగంట దాని ముందు టీ తాగితే నాకు తేడా తెలిసింది. నవంబరు మధ్యలో మొదలుపెట్టాలి, దిగులు పట్టుకున్నాక కాదు. నిద్ర ఎక్కువై, పని మీద చిరాకు పెరిగి, ఎవరితోనూ మాట్లాడాలనిపించని రోజులు రెండు వారాలు దాటితే దాన్ని బద్ధకమని కొట్టేయకండి, వైద్యసాయం తీసుకోండి. జూన్‌లో దీనికి విరుద్ధ సమస్య. నల్లటి మందపాటి కర్టెను లేకపోతే నాలుగింటికే లేచి కూర్చుంటారు.

ఏడో మెట్టు: వంటిల్లు

సామాను సర్దేటప్పుడు గుర్తుంచుకోవాల్సిన నియమం: ఐరోపా సమాఖ్యలోకి బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తేకూడదు. అంటే నెయ్యి సీసా, పాలకోవా, అమ్మ పెట్టిన చికెన్ పచ్చడి మూడూ బయటే. పచ్చి కరివేపాకుకు కూడా ధ్రువపత్రం కావాలి. చింతపండు, ఇంగువ, ఎండు మిరపకాయలు, పప్పుల పొడులు మోసుకెళ్లండి. నెయ్యికి దిగులు లేదు, అక్కడి వెన్న బ్రహ్మాండంగా ఉంటుంది. నిదానంగా కాచుకుంటే ఇల్లంతా మన ఇంటి వాసన.

పెరుగు దగ్గర మాత్రం కొత్తవాళ్లు బోల్తా పడతారు. దుకాణంలో తెల్లటి సీసాలు వరసగా ఉంటాయి. పాలు, కేఫిర్ అనే పులియబెట్టిన పాలు, పుల్లటి పాలు, అన్నీ ఒకేలా కనిపిస్తాయి. నేను మొదట తెచ్చింది కేఫిర్. మజ్జిగలా తాగడానికి బాగుంది కానీ తోడుకు వేస్తే జిగటగా తయారైంది. రుచి కలపని యోగర్ట్ కొనండి. కొవ్వు తీయని పాలు కాచి, వేలు పెడితే ఓర్చుకునేంత వేడికి రానిచ్చి, చెంచాడు యోగర్ట్ కలిపి, స్టీలు గిన్నెకు తువ్వాలు చుట్టి రేడియేటరు మీద ఓ పలక వేసి దానిపై పెట్టండి. పలక లేకపోతే వేడికి అడుగున పాలు విరుగుతాయి. కర్లోవాలో ఉన్నప్పుడు అహి పక్క అరుగు మీద పెట్టేదాన్ని. తెల్లారేసరికి గిన్నె వంచినా కదలని పెరుగు. ఇడ్లీ పిండి కూడా అక్కడే పొంగేది. హీటింగ్ లేని నెలల్లో ఓవెన్‌లో దీపం మాత్రం వేసి లోపల పెట్టాలి.

బంగాళాదుంప, క్యాబేజీ, బీట్‌రూట్, క్యారెట్ చవక. తెలంగాణ ఇళ్లలో సోయికూర (ఇంగ్లిష్‌లో డిల్) అని వండే ఆకు అక్కడ ప్రతి బంగాళాదుంప మీదా ఉంటుంది. పెసరపప్పులో వేసుకుంటే మీ వంటింటికి వచ్చిన ఎస్టోనియా స్నేహితులు కూడా ఇంకోసారి వడ్డించుకుంటారు. ఆగస్టులో అడవిలో బెర్రీలు, పుట్టగొడుగులు ఎవరైనా కోసుకోవచ్చు. బెర్రీలు మీ ఇష్టం. పుట్టగొడుగులు మాత్రం తెలిసిన మనిషి లేకుండా ముట్టుకోకండి. ఖాళీ ప్లాస్టిక్ సీసాలు పారేయవద్దు, దుకాణం దగ్గర యంత్రంలో వేస్తే ఒక్కోదానికి 10 సెంట్లు తిరిగి వస్తాయి.

ఎనిమిదో మెట్టు: ఒంట్లో బాగులేకపోతే

అత్యవసరానికి 112. డాక్టరు సలహాకు 1220 నంబరు. పెద్ద ఆసుపత్రి విశ్వవిద్యాలయానిదే, ఊళ్లోనే ఉంది. నోమాడ్ వీసా మీద ప్రభుత్వ ఆరోగ్య బీమా వర్తించదు కాబట్టి ముందు మీరు కట్టి, తర్వాత బీమా కంపెనీని అడగాలి. ప్రతి రసీదూ ఫోటో తీసి ఉంచండి. రోజూ వేసుకునే మందులుంటే చీటీతో సహా తీసుకెళ్లండి. పళ్లు ఇక్కడే చూపించుకుని వెళ్లండి, అక్కడ ఖర్చు ఎక్కువ.

తొమ్మిదో మెట్టు: మనుషులు, మాట

బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు మాట్లాడరు. లిఫ్టులో నవ్వరు. అది కోపం కాదు, ఎదుటివారిని వాళ్ల మానాన వదిలేయడం అక్కడ మర్యాద. మన ‘ఏ ఊరండీ మీది’ అక్కడ మూడో కలయికకు వస్తుంది. కాబట్టి అనుకోకుండా పరిచయాలు దొరకవు. వారంవారం ఒకే వేళకు, ఒకే మనుషులతో జరిగే పని ఏదో ఒకదానిలో చేరాలి. పాట రాకపోయినా బృందగానం చూడండి. ఎస్టోనియా మొదటి పాటల పండుగ 1869లో జరిగింది ఈ ఊళ్లోనే, ఇప్పటికీ సాధనలు నడుస్తూనే ఉంటాయి. నేను భాషా తరగతిలో చేరాను. నాలుగో వారానికి పేరు పెట్టి పిలిచారు, ఏడో వారానికి సౌనాకు, అంటే వేడి గదిలో చేసే ఆవిరి స్నానానికి రమ్మన్నారు.

భాష కష్టమని అందరూ భయపెడతారు, 14 విభక్తులు అంటారు. తెలుగువాళ్లకు అంత భయం అక్కర్లేదు. తార్తు, తార్తుస్, తార్తుస్త్ అంటే తార్తు, తార్తులో, తార్తు నుంచి. ‘లో’, ‘నుంచి’ మాట చివర చేరినట్టే అక్కడా చేరతాయి. ‘లవుఅ అల్ల్’ అంటే బల్ల కింద. బల్ల ముందు, కింద వెనక, అచ్చం మన వరసే. తరగతిలో ఇంగ్లిష్‌వాళ్లు తలపట్టుకున్న చోట నాకు నవ్వొచ్చింది. దీర్ఘాలు, ద్విత్వాలు మన చెవికి తెలిసినవే. హ్రస్వం, దీర్ఘం దాటి వాళ్లకు మూడో కొలత ఒకటి ఉంది, అక్కడ మాత్రం నేనూ ఓడిపోయాను. ‘తెరె’ నమస్కారం, ‘ఐతహ్’ ధన్యవాదం, ‘పలున్’ దయచేసి. ఈ మూడూ పలికితే దుకాణంలో ముఖం మారుతుంది.

జూన్ 23 సాయంత్రం నడివేసవి పండుగకు ఊరు ఖాళీ అవుతుంది. అందరూ పల్లెలకు వెళ్లి నెగళ్లు వేసి రాత్రంతా మేలుకుంటారు. ఎవరైనా పిలిస్తే తప్పక వెళ్లండి, పని ఉందని చెప్పవద్దు.

చివరి మెట్టు: ఖాళీ చేయడం

వచ్చిన రోజు ఇల్లు అప్పగింత పత్రం రాసుకుంటారు: ఏ గోడకు ఏ గీత, ఎన్ని తాళంచెవులు, మీటర్ల అంకెలు. వెళ్లే రోజు అదే పత్రం బయటికి వస్తుంది. రెండు రోజులూ మీటర్లనూ, గోడలనూ, ఓవెన్ లోపలనూ ఫోటో తీయండి. అడ్వాన్సు తిరిగి పంపడానికి మీ ఖాతా నంబరు ఆ పత్రంలోనే రాయించండి, తర్వాత ఈమెయిళ్లలో వెతుక్కునే పని ఉండదు. నేను వెళ్లే రోజు యజమానురాలు పత్రం మీద చన్నీళ్లు, వేణ్నీళ్లు, కరెంటు అంకెలు వేసుకుంది. తర్వాత కట్టెల గదిలోకి వెళ్లి మిగిలిన వరసలు లెక్కపెట్టింది. వచ్చినప్పుడు ఎన్ని వరసలున్నాయో అన్నే ఉన్నాయి. కింద ఒక గీత గీసి, కలం నా చేతికి ఇచ్చింది.